వేడి ఎక్కడికి పోవును?

రోహిణీ కార్తెలో రోళ్లు పగులునను సామెత పల్లెలలో పుట్టినదే యైనను, కాప్రా వంటి నగరపు శివారులో, నల్లరాతి గుండ్లును వాని నడుమ మొలచిన సిమెంటు మేడలును పగలెల్ల త్రాగిన యెండను రాత్రి రెండు జాముల దాక వెళ్లగ్రక్కుచుండగా, ఆ సామెతలోని రోలు స్థానమున మా యింటి కంప్యూటరు నిలిచినదని నేను గ్రహించునప్పటికి ఆ యంత్రము ఒకే దినమున మూడు మారులు, నేను వ్రాయుచున్న వాక్యము నడుమనే, ఏ ఫిర్యాదును చెప్పక కన్నుమూసినది.

మొదటి మారు కరెంటు పోయినదనుకొంటిని. రెండవ మారు మా ఆవిడ పైకి వ్రేలు చూపి, ఫ్యాను తిరుగుచునే యున్నదనినది. మూడవ మారు నేను పెట్టె మీద చేయి వైచి, కాలిన పెనమును తాకినవానివలె వెనుకకు తీసికొంటిని. మన యిండ్లలో ఆ పెట్టెనంతటిని కలిపి సీపీయూ అనుట వాడుక. ఆ పేరు లోపలి చిన్న బిళ్లకే చెల్లునని తెలిసినవారు ఎంత మొత్తుకొన్నను ఆ వాడుక మారలేదు, మారనక్కరయు లేదు. మా సీపీయూ కంప్యూటరు బల్ల క్రింది అరలో, వెనుక భాగము గోడకానించి, ముందు తలుపు మూసి, పైన దుమ్ము పడకుండ పూలు కుట్టిన గుడ్డ కప్పి ఉంచబడినది. ఆ గుడ్డ మా ఆవిడ స్వహస్తములతో కుట్టినది కావున దానిని గూర్చి ఎక్కువ చెప్పను.

యంత్రమునట్లు మూసి దాచవలెనను తలంపు మాకెక్కడిదని ఆలోచించితిని. కాప్రాలో నివసించువానికి దీని సమాధానము దూరమున లేదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వమున 1967లో అణుశక్తి శాఖ క్రింద ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను మా చౌరస్తాకు ఈసీఐఎల్ అను పేరిచ్చినది. ఆయన పేరు ప్రక్కనున్న ఏ.ఎస్.రావు నగరునకు నిలిచినది. ఆ సంస్థ 1969లో వెలువరించిన టీడీసీ-12 మన దేశమున తయారైన కంప్యూటర్లలో తొలి వరుసలోనిది. ఆ కాలపు యంత్రములు బీరువాలంత. వానికొరకు ప్రత్యేకముగా గది కట్టి, కిటికీలు బిగించి, ఏసీ పెట్టి, చెప్పులు విడిచి గాని లోనికి రారాదని ద్వారము కడ బోర్డు కట్టెడివారు. 1980, 1990 దశకములలో మన ఆఫీసులలోను బడులలోను కంప్యూటరు గదిని చూచినవారు ఆ గుమ్మము ముందటి చెప్పుల వరుసను మరువలేరు. దుమ్ము భయమే అందులకు కారణమనుట నిజమే. కాని ఆ విడుచుట యందు మనవారి పాదములకు అంతకు మున్నే యొక యభ్యాసము కలదు. చల్లగ, నిశ్శబ్దముగ, ఒక్కడు మాత్రమే తాకదగిన వస్తువును నడుమ నుంచుకొన్న గది మనకు క్రొత్త కాదు. మూలవిరాట్టు ఉత్సవమూర్తియై వీధికి వచ్చినట్లు ఆ యంత్రము కాలక్రమమున చిన్నదై మన యిండ్లకు వచ్చినది. వచ్చినదానికి గర్భగుడి తలుపులు బిగించితిమి. గర్భగుడి చల్లదనమును మాత్రము ఈయ మరచితిమి.

ఆదివారము నాడు మా మేనల్లుడు వచ్చెను. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని సీటీసీ, అనగా కంప్యూటరు విడిభాగములకు జంటనగరములలో ప్రసిద్ధమైన ఆ చెనాయ్ ట్రేడ్ సెంటరు నుండి, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి, ప్రాసెసరుకు పూయు పేస్టు గొట్టమొకటి, దుమ్ము నూదు బ్లోయరు ఒకటి తెచ్చి, పెట్టెను బల్లపై పెట్టి ప్రక్క రేకు విప్పెను. లోపల దుమ్ము పడలేదు, పరచుకొన్నది; బూడిద రంగు దూదిపరుపు వలె హీట్ సింకు రేకుల సందులన్నిటిని నింపినది. వాడు దానిని ఊడ్చి, రేకు మూసి, పెట్టెను మునుపటివలె గోడకానించి, యంత్రమును మరల నడిపి, నా వైపు చూచి, "మామయ్యా, అగరుబత్తి ఉందా?" అనెను.

"పూజ చేస్తావా ఏమిరా దీనికి?"

"పూజ కాదు మామయ్యా. గాలి ఎటు పోతోందో చూద్దాం."

వెలిగించిన అగరుబత్తిని వాడు పెట్టె ముందటి జల్లెడ వద్ద పట్టెను. పొగ లోనికి పోవలసినది. నా ముఖము మీదికి వచ్చినది. వెనుక పట్టెను, అక్కడను పొగ వెలుపలికే పరుగెత్తినది. రెండేండ్ల క్రిందట ముందటి ఫ్యానును బిగించిన దుకాణము పేరు చెప్పను గాని, అది తిరుగబడి బిగింపబడినది. ఫ్యాను చక్రమును మోయు కమ్మీలు ఏ వైపున నుండునో ఆ వైపునకు గాలి వెడలునను చిన్న లక్షణమును చూచుకొనని ఫలమది. రెండు ఫ్యానులును వెలుపలికే ఊదుచుండగా లోనికి రావలసిన గాలి ఏ మార్గమున వచ్చుచున్నది? అగరుబత్తిని వెనుక రేకు చీలికల వద్దకు జరుపగా తెలిసినది: అప్పుడే వెడలిన వేడిగాలి గోడకు తగిలి మరలి ఆ చీలికల గుండ లోనికి దూరుచున్నది. తాను విడిచిన నిట్టూర్పునే తాను మరల పీల్చుచు, ఆ జీవి మా యింట రెండు వేసవులు గడపినది.

పర్వతముపై పొగను చూచి నిప్పు కలదని ఊహించు ఉదాహరణము తర్కశాస్త్రము చదువ మొదలిడిన ప్రతి బాలునకును తెలిసినదే. ఆంధ్రుడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు తన తర్కసంగ్రహమున దానినే చూపి అనుమాన ప్రమాణమును బోధించెను. నేనును చిన్నప్పుడు దానిని వల్లించినవాడనే. కాని పొగ నిప్పుకు మాత్రమే గుర్తు కాదనియు, కంటికి కనబడని గాలి నడకకు అంతకంటె నమ్మకమైన సాక్షియనియు, మౌలాలి గుట్ట కనబడు మా కిటికీ ప్రక్కన, పూజగదిలోని యొక పుల్ల నాకు నేర్పుటకు ఇన్నేండ్లు పట్టినది.

ఈ గాలి మాట కొంచెము నిలిచి చూడదగినది. ప్రాసెసరు మీద పూయు పేస్టు ఎందులకని మేనల్లుని అడిగితిని. నునుపుగా కనబడు రెండు లోహపు పలకలు ఒకదానిపై నొకటి కూర్చున్నను వాని నడుమ కంటికానని గుంటలలో గాలి నిలిచియుండుననియు, ఆ గాలిని తరిమి దాని స్థానమున ఉష్ణము నడువదగిన పదార్థమును నింపుటకే ఆ పూత యనియు, అది మందమైనచో మేలుకు బదులు కీడే యనియు వాడు చెప్పెను. రాగి వేడిని ప్రసరింపజేయు శక్తి నిశ్చలమైన గాలి శక్తి కంటె సుమారు 15,000 రెట్లు. కంబళి వెచ్చగా నుండుటకు కారణము ఉన్ని కాదు, ఉన్నిలో చిక్కిన గాలి. ఆ గాలియే కదలినచో కథ మారును: 200 వాట్లు ఖర్చు చేయు యంత్రపు వేడినంతటిని, తాను పది డిగ్రీలు మాత్రమే వేడెక్కి, మోసికొని పోవుటకు నిమిషమునకు సుమారు ఒక ఘనమీటరు గాలి చాలును. అనగా ఒకే వాయువు నిలిచిన చోట కంబళి, నడచిన చోట వింజామర. యోగశాస్త్రజ్ఞులు పూరక రేచకముల నడుమ కుంభకమును గొప్పగా చెప్పుదురు. వారి అనుభవమును కాదనుటకు నేనెవడను! కాని ఈ యంత్రమునకు కుంభకమే మృత్యువు. ప్రాణాపానములు రెండును సమముగా నడచుటయే దాని యోగము. చూడబోయిన, ఊరక కూర్చున్న మనుష్యుడు కూడ సుమారు 100 వాట్ల వేడిని గదిలోనికి విడుచుచునే యుండును; ఆ లెక్కన మా గదిలో, నేను మేనల్లుడు కంప్యూటరు కలిసి, వెలుగుచున్న మూడు పొయ్యిలము.

ముందటి ఫ్యానును త్రిప్పి, క్రొత్తదానిని దాని ప్రక్క చేర్చి, లోనికి వచ్చు గాలి వెడలు గాలి కంటె కొంచె మెక్కువగా నుండునట్లు సవరించి — అట్లున్నచో చీలికల గుండ దుమ్ము దూరదట, వచ్చునదంతయు జల్లెడ గుండనే వచ్చునట — తీగలను మూట గట్టి దారికి అడ్డము తీసి, పెట్టెను మరల అరలో దూర్చక కిటికీ ప్రక్కన పెట్టినాము. 100 డిగ్రీల దరిదాపులకు పోయి తన్ను తాను ఆర్పుకొనుచుండిన ప్రాసెసరు 74 వద్ద నిలిచెను. నేను ఉబ్బి, ఇంకను రెండు ఫ్యానులు కొనినచో 30కి దిగునా యని అడిగితిని.

"దిగదు మామయ్యా. గదిలోనే 38 ఉంది. గాలితో చల్లబరిస్తే గది కంటే కిందికి ఎప్పటికీ రాదు."

ఆ మాట విన్నప్పుడు నాకు తాపత్రయమను శబ్దము తట్టినది. తెలుగున ఈ మాట నేడు ఆరాటమను అర్థమున వాడబడుచున్నది. పిల్లల పెండ్లి తాపత్రయము, ఇల్లు కట్టు తాపత్రయము అందుము. మూలమున అది మూడు వేడిమిలు: తనలో పుట్టునది ఆధ్యాత్మికము, ఇతర ప్రాణుల వలన వచ్చునది ఆధిభౌతికము, ఎండ వాన పిడుగుల వలె దైవికముగా వచ్చునది ఆధిదైవికము. శాంతి పదమును మూడు మార్లు పలుకుట ఈ మూటి కొరకే యని పెద్దలు చెప్పుదురు. పెట్టెలోను ఈ మూడును కలవు. ప్రాసెసరు తన పనిచేత తాను కాగుట మొదటిది. దాని క్రిందనే యున్న గ్రాఫిక్సు కార్డు తన వేడిని పైకి విడిచి ప్రాసెసరును కాచుట రెండవది. రోహిణీ కార్తె మూడవది. మొదటి రెంటికి ఫ్యానుల అమరికయందు మందు కలదు. మూడవదానికి లేదు, అది నేల వంటిది; ఎంత దిగినను దాని పైననే నిలువవలెను. మన శాస్త్రకారులు మూటికిని కలిపి ఒకే పేరు పెట్టుట వలన ఒక్క చికిత్సకే మూడును లొంగునను భ్రమ మనకు కలిగినదేమో యని నా యనుమానము.

రాత్రి అందరును నిద్రించిన పిదప, చల్లబడిన పెట్టె వెనుక చేయి పెట్టి కూర్చుంటిని. వెచ్చని గాలి అరచేతికి తగులుచున్నది. యంత్రము బాగుపడినది, సరే. దానిలో నుండి తీసిన వేడి ఎక్కడికి పోయినది? అది నశింపలేదు, నశించుట దానికి తెలియదు. త్రాగిన కరెంటులో ప్రతి వాట్టును, నేను వ్రాసిన వాక్యములు మంచివైనను చెడ్డవైనను, తుదకు వేడియై ఈ గదిలోనికే వచ్చినది. ఈ ప్రశ్నను అడిగినవారిలో నేను మొదటివాడను కాను. నాకు తెలిసినంతలో రెండు వేల యేండ్లకు పైగా దీనికి రెండు ప్రతికూలమైన సమాధానములు మన దేశమున ప్రక్క ప్రక్కనే నిలిచియున్నవి.

ఒకటి ఛాందోగ్యోపనిషత్తు నాల్గవ అధ్యాయమున రైక్వుడు చెప్పినది. జానశ్రుతి యను రాజు అన్నదాత, ఊరూర సత్రములు కట్టించినవాడు. ఒక రాత్రి ఆకాశమున పోవుచున్న హంసలు తన కీర్తిని బండి క్రింది రైక్వుని కీర్తితో పోల్చి తక్కువ చేయుట విని, తెల్లవారులు కాగిపోయి, మరునాడు ఆ రైక్వుని వెదకించెను. దొరికినవాడు బండి నీడన కూర్చుండి గజ్జి గోకికొనుచున్నాడు. రాజు దుఃఖమును గూర్చి బ్రహ్మసూత్రములలో చర్చ కలదు. శోకమునకు ధాతువైన శుచ్ అనుదానికి మండుట యనియు అర్థము గనుక, దుఃఖించువాడన్నను కాగుచున్నవాడన్నను సంస్కృతమున ఒకటే. అట్లు కాగి వచ్చినవానికి రైక్వుడు, మొదట కసరికొట్టి, పిదప చెప్పిన విద్య పేరు సంవర్గ విద్య. సంవర్గమనగా అన్నిటిని తనలోనికి లాగికొనునది. ఆరిన నిప్పు వాయువులోనికే పోవును. క్రుంకిన సూర్యుడును చంద్రుడును, ఇంకిన నీరును వాయువులోనికే పోవును. నిద్రించువాని వాక్కు, చూపు, వినికిడి, మనస్సు ప్రాణములోనికి పోవును. బయట వాయువు, లోపల ప్రాణము: గ్రహించువారు ఇద్దరే. కంప్యూటరు వెనుక చేయి పెట్టుకొని కూర్చున్నవానికి ఈ విద్య యుపమానముగా కాక వర్తమానముగా వినబడును.

రెండవది బుద్ధుడు వచ్ఛగోత్రునకిచ్చినది. ముక్తుడైనవాడు చనిపోయిన పిదప ఎచట పుట్టునని అతడడుగగా బుద్ధుడు తిరిగి అడిగెను: నీ యెదుట మండుచున్న నిప్పు ఆరిపోయినచో అది ఏ దిక్కునకు పోయినదందువు, తూర్పునకా, పడమరకా, ఉత్తరమునకా, దక్షిణమునకా? ఆ ప్రశ్నయే పొసగదని వచ్ఛగోత్రుడొప్పుకొనెను. కట్టెలు తీరినవి, క్రొత్తవి వేయబడలేదు, ఆరినది, అంతే. నిర్వాణ శబ్దమునకు ఆరుట యనియే అర్థము. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము, వేడి మాట వరకు, గెలుపు రైక్వునిదే: నిప్పు ఆరినను దాని వేడి గాలిలో నున్నది, తూర్పునకో పడమరకో నడచుచునే యున్నది. ఐనను మేనల్లుడు వెళ్లబోవుచు చేసిన చివరి పని నన్ను బుద్ధుని వైపునకు త్రిప్పినది. వాడు యంత్రపు అమరికలలోనికి పోయి, ప్రాసెసరు త్రాగదగిన కరెంటుకు హద్దు పెట్టెను. "నీ రాతపనికి ఇంత అక్కర్లేదు మామయ్యా" అనెను. ఒక్క ఫ్యానును చేర్చకయే మరి 9 డిగ్రీలు తగ్గినవి. నా వ్రాతకు ఏ లోటును కలుగలేదు. వేడిని తరుముట రైక్వుని మార్గము, కట్టెలు తగ్గించుట బుద్ధుని మార్గము. కృష్ణాతీరమున మన నాగార్జునకొండ యెవని పేర నున్నదో ఆ ఆచార్యుడు తన మాధ్యమిక గ్రంథమున ఒక ప్రకరణమంతయు అగ్నికిని ఇంధనమునకును గల సంబంధమునే పరీక్షించుటకు వెచ్చించెను. కట్టె లేనిదే నిప్పు లేదు, మండనిదే అది కట్టె యనిపించుకొనదు అను ఆయన చిక్కుముడిని విప్పుట నా తరము కాదు. కాని కరెంటు బిల్లు చేతబట్టుకొన్నవానికి అది కొంత సుబోధమగును.

కట్టెలు పూర్తిగా తీసివేయవచ్చునా? ఇక్కడ ఆధునికులు ఒక చిత్రమైన మాట చెప్పియున్నారు. ఐబీఎం సంస్థలోని రోల్ఫ్ లాండావర్ 1961లో, గణనయందు తప్పించుకొనరాని వేడి, జ్ఞాపకమును చెరిపివేయునప్పుడు పుట్టునని నిరూపింప బూనెను. ఒక్క బిట్టును చెరుపుటకు గది వేడిమి వద్ద సుమారు 3×10⁻²¹ జౌళ్లు. మన యంత్రములు వెచ్చించుదానితో పోల్చిన అది సముద్రమున చినుకు. 2012లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమున ప్రయోగము చేసి ఆ మాట సరియని చూపిరి. గుర్తుంచుకొనుటకు కాదు, మరచుటకు వెల చెల్లింపవలెనను ఈ సిద్ధాంతమును చదివినప్పుడు, పూర్వవాసనలను చెరుపుకొనుటకు పూనుకొన్నవాని ప్రయత్నమునకు మనవారు తపస్సు, అనగా కాగుట, అని యేల పేరు పెట్టిరో యని ఆశ్చర్యపడితిని. ఉపమానమును ప్రమాణముగా చూపుట లేదు. భౌతికశాస్త్రమును వేదములలో వెదకు వారి గుంపులో నన్ను చేర్పవలదని మనవి. ఆశ్చర్యపడితిననుట మాత్రము నిజము.

నన్ను అంతకంటె ఎక్కువ కలచినది వేరొక విషయము. వేడిని విడుచుటనే చల్లదనమందుము. సంసార తాపమును విడుచుటనే సన్యాసమందుము. విడిచినదానిని ఎవరు గ్రహించిరని అడుగుట మన మతగ్రంథములకు అలవాటు కాదు. జాబాలోపనిషత్తు వైరాగ్యము కలిగిన దినముననే వెడలిపోవచ్చుననినది. ధర్మశాస్త్రము దేవఋషిపితృ ఋణములు మూడును తీర్చి గాని వెడలరాదనినది. చిన్ననాట నేను మొదటి మాటలోని తెగువను మెచ్చితిని. ఇప్పుడు రెండవ మాటలోని గుమాస్తాతనమే నాకు గౌరవింపదగినదిగా తోచుచున్నది. ఇల్లు విడిచి కాశికి పోయినవాడు చల్లబడి యుండవచ్చును. వాని అప్పులవారు వచ్చి కూర్చున్న అరుగు చల్లబడలేదు. వెనుక ఫ్యాను ఎంత బలముగా ఊదినదనుట వాని కథ. గోడకావలి వారికి అది కథ కాదు.

ఐతే గ్రంథములకంటె గుడులు ఈ విషయమున జాగ్రత్తపడినట్లున్నవి. మాకు సమీపముననే యున్న కీసరగుట్టపై రామలింగేశ్వరుని సేవకు పోయినప్పుడెల్ల శివాలయములలోని ఏర్పాటు నాకు ముచ్చట గొల్పును. హాలాహలమును మ్రింగక ఉమియక కంఠమున నిలిపినవాడు శివుడు; ఆ వేడిని ఎవరి మీదికిని తోయలేదు. ఆయన కొరకు లింగముపై ధారాపాత్ర వ్రేలాడును, చుక్క చుక్కగా నీరు దిగును. నేడు కంప్యూటర్లలో నీటి గొట్టములు పెట్టి మురియువారు ఆ పాత్రను ఒక మారు తలయెత్తి చూడవచ్చును. ధారాపాత్ర అందరి కంటను పడునదే. నీరు వెడలు దారియే నాకు ముఖ్యము. పానవట్టము నుండి ఉత్తరముగా వెలువడు సోమసూత్రమును ప్రదక్షిణము చేయువాడు దాటరాదు. అక్కడి దాక పోయి వెనుదిరిగి రావలెను. లోనికి పోవు నీటికి మంత్రమున్నట్లే వెలికి వచ్చు నీటికి మర్యాద కలదు. విడిచినది పోవు దారిని త్రొక్కరాదని, అది ఎవరి కాలిక్రిందికి పోవుచున్నదో చూచుకొనుమని రాతిలో చెప్పిన శిల్పుల యెదుట, ఆ మాటను అక్షరములలో చెప్పని పండితులు నాకు కొంచెము చిన్నగా కనబడుదురు. మన కుండయు అట్టిదే. వేసవిలో రంజన్‌లోని నీరు చల్లబడుట, తనలోని నీటిని కొంత చెమటగా విడిచి, ఆవిరియై పోవుటకు కావలసిన వేడిని మిగిలిన నీటి నుండి ఇచ్చుట చేత. ఆ చల్లదనమునకు కుండ తన సొత్తు నుండియే వెల చెల్లించును. కరెంటు త్రాగదు, ప్రక్కింటి గోడ కాల్చదు.

ప్రక్కింటి గోడ యని వ్రాయుటకు కారణము చెప్పి ముగింతును. కంప్యూటరు గదిలో ఏసీ కూడ కలదు, ఒకటిన్నర టన్నులది. అది నడచునప్పుడు గది నుండి సుమారు 5 కిలోవాట్ల వేడిని లాగి, తాను త్రాగిన కరెంటును దానికి చేర్చి, వెలుపలి యూనిట్ గుండ బయట పోయును. అనగా బయటకు పోవునది లోపల తీసినదాని కంటె ఎక్కువ. ఆ యూనిట్ మా వెనుక సందులోనికి తిరిగియున్నది. సందుకావలి యింటిలో ఒక ముసలమ్మ కలదు. మేము ఇల్లు కట్టక మునుపటి నుండి ఆమె ఆ గోడనీడన నులకమంచము వేసికొని మధ్యాహ్నములు గడపెడిది. అగరుబత్తి పొగ ఎటు పోవునో చూచు పిచ్చి నాకింకను తగ్గక, మరునాడు దానిని పట్టుకొని కిటికీ వెలుపలకు చేయి చాచినప్పుడు, మంచము అక్కడ లేదని మొదటిసారి గమనించితిని. వీధి చివర వేపచెట్టు క్రింద నున్నది. ఎన్నాళ్లయినదని పోయి అడిగితిని.

"రెండెండకాలాలాయె సారూ."

"నాకు ఒక్క మాట చెప్పరాదా అమ్మా? ఆ వేడిగాలి ఇటు వస్తున్నదని నేను చూసుకోలేదు."

"గాలి యాడికి వోతది సారూ, ఇటే వస్తది గద" అని ఆమె నవ్వి, విసనకర్రను చేతులు మార్చుకొన్నది.

ఏసీ పనివానిని పిలిపించి యూనిట్‌ను డాబా పైకి ఎక్కించితిని. రాగి గొట్టము 4 మీటర్లు ఎక్కువ పట్టినది. కంప్యూటరు ఇప్పుడు 65 డిగ్రీల వద్ద నడుచుచున్నది. ముసలమ్మ మంచము మాత్రము ఇంకను వేపచెట్టు క్రిందనే యున్నది.